శంషాబాద్ నుంచి డల్లాస్‌కు: ఏ దారిలో ఎంత దూరం, ఎన్ని గంటలు, ఎవరికి ఏది నయం

డల్లాస్‌కు టికెట్ వెతికితే తెర మీద పదుల వరసలు వచ్చి పడతాయి. ఒకటి దోహా మీదుగా, ఒకటి లండన్ మీదుగా, ఇంకొకటి ఢిల్లీలో ఆగి చికాగోలో ఆగి. ఒకదానికి 21 గంటలని ఉంటుంది, ఇంకొకదానికి 34. ధరలో తేడా ఒక్కోసారి సూట్‌కేసు ఖరీదు కూడా ఉండదు. నల్లగొండలోనో వనపర్తిలోనో కూర్చుని ఫోన్‌లో ఇది చూసేవాళ్ళు ఎక్కువగా రెండే పనులు చేస్తారు: అన్నిటికన్నా చవకది నొక్కుతారు, లేదా అన్నిటికన్నా తక్కువ గంటలది నొక్కుతారు. రెండూ కొన్నిసార్లు సరైనవే. కానీ 65 ఏళ్ళ తల్లి మొదటిసారి ఒంటరిగా పోతున్నప్పుడు, రెండు పెద్ద పెట్టెలతో విద్యార్థి పోతున్నప్పుడు, చంటిబిడ్డతో కోడలు పోతున్నప్పుడు ఒకే జవాబు పనికిరాదు.

హైదరాబాద్ నుంచి అమెరికాకు ఇప్పుడు నేరుగా పోయే విమానం లేదు. ఎయిర్ ఇండియా 2021 జనవరి 15న హైదరాబాద్–చికాగో సర్వీసు మొదలుపెట్టింది. తర్వాత అది ఆగిపోయింది. కాబట్టి ఎక్కడో ఒకచోట దిగి ఎక్కక తప్పదు. అది ఎక్కడ అన్నదే అసలు ఎంపిక.

అసలు దూరం ఎంత

గ్లోబు మీద శంషాబాద్ దగ్గర దారం ఒక కొస పెట్టి, రెండో కొసను డల్లాస్ దాకా బిగించి లాగితే వచ్చేదే అతి దగ్గరి దారి. అది సుమారు 14,420 కి.మీ. గోడ మీది పటంలో చూస్తే ఐరోపా, అట్లాంటిక్ దాటి అడ్డంగా పోవాలనిపిస్తుంది. కానీ ఈ రెండు ఊళ్ళు భూమికి దాదాపు ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి. అందుకే దారం నేరుగా ఉత్తరానికి లేచి, ధ్రువానికి ఐదారు వందల కి.మీ. దగ్గర నుంచి పోయి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది.

ఇంత దూరం ఆగకుండా ఎగరగలిగే విమానాలు ప్రపంచంలో లేకపోలేదు. సింగపూర్–న్యూయార్క్ విమానం 15,300 కి.మీ. పైన ఎగురుతుంది, 18 గంటలు దాటి పడుతుంది. అయితే అలాంటి విమానంలో బరువులో పెద్ద భాగం ఇంధనమే. సీట్లు తగ్గించాలి, టికెట్ ధర పెంచాలి. ఆ లెక్క కుదరకపోతే సర్వీసు నిలబడదు.

మధ్యలో ఆగితే దూరం పెరుగుతుంది, అయితే అనుకున్నంత కాదు:

| దారి | ముక్కలవారీ దూరం (కి.మీ., సుమారు) | మొత్తం | గాలిలో గంటలు (పోయేటప్పుడు) | ఎన్నిసార్లు మారాలి |
|---|---|---|---|---|
| దోహా | 2,910 + 12,745 | 15,655 | 4½ + 16¼ | 1 |
| దుబాయి | 2,550 + 12,920 | 15,470 | 4 + 16¼ | 1 |
| లండన్ | 7,750 + 7,630 | 15,380 | 10½ + 10¼ | 1 |
| ఫ్రాంక్‌ఫర్ట్ | 7,115 + 8,260 | 15,375 | 9½ + 11 | 1 |
| అబుదాబి, చికాగో | 2,595 + 11,690 + 1,290 | 15,575 | 4 + 15 + 2¾ | 2 |
| ఢిల్లీ, చికాగో | 1,265 + 12,020 + 1,290 | 14,575 | 2¼ + 16 లేదా పైన + 2¾ | 2 |

దూరాలు భూగోళం మీద కొలిచినవి. నిజంగా ఎగిరే దారి గాలిని బట్టి, మూసి ఉన్న గగనతలాన్ని బట్టి కొన్ని వందల కి.మీ. పెరుగుతుంది. గంటలు కూడా సీజన్‌ను బట్టి అరగంట అటూ ఇటూ.

పట్టికలో ఒక తమాషా ఉంది. ఆరింటిలో దూరం అతి తక్కువ ఉన్నది ఢిల్లీ దారి. అయినా ఇల్లు చేరేసరికి ఎక్కువ ఆలస్యం అయ్యేదీ అదే. అన్నిటికన్నా పొడవైన దారికీ, పొట్టి దారికీ తేడా 1,080 కి.మీ. గంటకు 900 కి.మీ. పోయే విమానానికి అది గంటా పన్నెండు నిమిషాల పని. చికాగోలో ఇమిగ్రేషన్ వరసలో నిలబడితేనే అంత సేపు పోతుంది. అందుకని కి.మీ. చూసి ఎంచుకోవద్దు. ఎన్నిసార్లు మారాలి, మారేచోట ఎంతసేపు, తప్పిపోతే ఇంకో విమానం ఎప్పుడు, ఈ మూడూ చూడాలి.

గడియారం చేసే మోసం

టికెట్ మీద రాసే సమయాలన్నీ ఆయా ఊళ్ళ స్థానిక సమయాలు. శంషాబాద్‌లో తెల్లవారుజామున 4:00కు బయల్దేరి, అదే తేదీన సాయంత్రం 4:00కు డల్లాస్‌లో దిగుతుందని ఉంటే, 12 గంటల ప్రయాణమే కదా అనుకుంటారు. మన సమయం డల్లాస్ కంటే ఎండాకాలంలో 10½ గంటలు, చలికాలంలో 11½ గంటలు ముందు ఉంటుంది. ఆ తేడా కలిపితే అసలు ప్రయాణం 22½ లేదా 23½ గంటలు.

ఎండాకాలపు లెక్క మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా. ఆ తేదీల దగ్గర టికెట్ కొన్నవాళ్ళు, ఎదురు రావలసిన కొడుక్కో కూతురికో దిగే సమయం అక్కడి గడియారం ప్రకారమే చెప్పాలి. దోహా మనకన్నా 2½ గంటలు వెనక, దుబాయి, అబుదాబి 1½ గంటలు వెనక, లండన్ 4½ లేదా 5½. మధ్యలో దిగినప్పుడు చేతి గడియారం చూసుకుని "ఇంకా టైముంది" అని కూర్చుంటే విమానం పోతుంది. గేటు దగ్గరి తెర మీద ఉన్న సమయమే లెక్క. పెద్దవాళ్ళకు ఈ ఒక్క మాట పదిసార్లు చెప్పి పంపినా తప్పులేదు.

దోహా, దుబాయి: ఒక చిన్న ముక్క, ఒక పెద్ద ముక్క

ఖతార్ ఎయిర్‌వేస్ దోహా మీదుగా, ఎమిరేట్స్ దుబాయి మీదుగా డల్లాస్ తీసుకెళ్తాయి. రెండింటి తీరూ ఒకటే: ముందు నాలుగు గంటల చిన్న ప్రయాణం, ఆ తర్వాత పదహారు గంటలకు పైగా కదలకుండా కూర్చోవడం.

మేలు ఏమిటంటే, ఒక్కసారే మారాలి. అమెరికాలో అడుగుపెట్టేది నేరుగా డల్లాస్‌లోనే. ఇమిగ్రేషన్ అయ్యాక పెట్టెలు తీసుకుని బయటికి వస్తే పిల్లలు ఎదురుగా ఉంటారు. విమానాశ్రయం లోపలే ఉండి విమానం మారడానికి మనవాళ్ళకు అక్కడ వీసా అక్కర్లేదు. హిందీ మాట్లాడే సిబ్బందీ, తెలుగు మాట్లాడే తోటి ప్రయాణికులూ దాదాపు ప్రతిసారీ దొరుకుతారు. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

కీడు రెండు. మొదటిది 16 గంటల కూర్చోవడం. మోకాళ్ళ నొప్పులు, కాళ్ళ వాపు, రక్తం గడ్డకట్టే ఇబ్బంది ఉన్నవాళ్ళు ముందే డాక్టరును అడగాలి. నడవా పక్క సీటు తీసుకుని రెండు గంటలకోసారి లేచి నడవాలి. రెండోది, ఈ నగరాల నుంచి డల్లాస్‌కు విమానాలు రోజుకు ఒకటో రెండో. శంషాబాద్‌లో రెండు గంటలు ఆలస్యమై అక్కడ పై విమానం తప్పితే దాదాపు ఒక రోజు పోవచ్చు. అందుకే గంటన్నర లోపు ఆగే టికెట్ పెద్దవాళ్ళకు కొనవద్దు. 2½ నుంచి 4 గంటలు హాయి. ఆరు దాటితే వృథా.

గల్ఫ్‌లో ఉద్రిక్తతలు రేగితే ఈ దారి ఒక్క దెబ్బకు స్తంభిస్తుంది. 2025 జూన్ 23 రాత్రి ఖతార్ గగనతలం కొన్ని గంటలు మూసేస్తే, ఎక్కడివాళ్ళు అక్కడ ఇరుక్కుపోయారు. వార్తలు బాగాలేని నెలల్లో ఐరోపా దారి వైపు మొగ్గడం తెలివైన పని.

రెండింట్లో ఏదంటే, గంటల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. దోహాలో అంతా ఒకే టెర్మినల్ కప్పు కింద ఉంటుంది కాబట్టి దారి తప్పే భయం కొంత తక్కువ. ఖతార్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఒకే కూటమిలో ఉన్నాయి. డల్లాస్ దాటి ఆస్టిన్‌కో ఓక్లహోమాకో పోయేవాళ్ళకు ఆ ముక్క కూడా ఒకే టికెట్ మీద తేలిగ్గా కుదురుతుంది. పిల్లలు హ్యూస్టన్‌లో ఉంటే డల్లాస్ ఊసే అక్కర్లేదు, రెండు సంస్థలూ అక్కడికి నేరుగా పోతాయి.

లండన్, ఫ్రాంక్‌ఫర్ట్: రెండు సమాన ముక్కలు

బ్రిటిష్ ఎయిర్‌వేస్ శంషాబాద్ నుంచి లండన్ హీత్రూకు, లుఫ్తాన్సా 2024 జనవరి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా నడుపుతున్నాయి. పది గంటలు ఎగిరి, దిగి, కాళ్ళు చాచుకుని, మళ్ళీ పది పదకొండు గంటలు. నడుము నొప్పి ఉన్నవాళ్ళకూ, ఏడాదిన్నర పిల్లవాడిని ఒళ్ళో పెట్టుకుని పోయే తల్లికీ ఈ పంపకం 4+16 కన్నా చాలా నయం. పిల్లలతో పదహారు గంటల్లో చివరి ఐదు గంటలు ఎలా గడుస్తాయో అనుభవించినవాళ్ళకే తెలుసు.

లండన్‌కు ఇంకో పెద్ద బలం ఉంది. అక్కడి నుంచి డల్లాస్‌కు బ్రిటిష్, అమెరికన్ రెండూ కలిసి రోజుకు పలు విమానాలు నడుపుతాయి. ఒకటి తప్పినా అదే రోజు ఇంకొకటి దొరికే అవకాశం ఉంది. గల్ఫ్ దారిలో ఆ వెసులుబాటు తక్కువ. ఆలస్యాల భయం ఉన్నవాళ్ళు దీన్ని గట్టిగా లెక్కలోకి తీసుకోవాలి.

ఇక చిక్కు వీసా కాగితాల్లో ఉంది. పాస్‌పోర్టులో చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా స్టాంపు ఉంటే లండన్‌లో విమానం మారడానికి మామూలుగా వేరే వీసా అడగరు. స్టాంపు గడువు తీరిపోయి, చేతిలో ఐ-20 కాగితమో (కాలేజీ ఇచ్చేది) ఐ-797 కాగితమో (ఉద్యోగ వీసా ఆమోదపత్రం) మాత్రమే ఉన్న విద్యార్థులు, ఉద్యోగులు ఇండియాకు వచ్చేటప్పుడు ఈ దారిలో ఇబ్బంది పడతారు. కౌంటరు దగ్గరే ఆపేయవచ్చు. జర్మనీ నిబంధన వేరు, అది మారుతూ కూడా ఉంటుంది. కాబట్టి డబ్బు కట్టే ముందు ఆ దేశ రాయబార కార్యాలయం పేజీలో మన వీసా రకం పెట్టి చూసుకోవాలి. ఏజెంటు "ఏం కాదు సార్" అంటే నమ్మవద్దు. విమానం ఎక్కనివ్వకపోతే నష్టం ఆయనకు కాదు.

హీత్రూలో కొన్నిసార్లు టెర్మినల్ మారాలి. బస్సులో పోయి, మళ్ళీ భద్రతా తనిఖీ దాటాలి. రెండు గంటల కన్నా తక్కువ వ్యవధి ఉన్న టికెట్ యువకులకు సరే, పెద్దవాళ్ళకు మూడు గంటలు పెట్టుకోవాలి. దోహాలోనూ దుబాయిలోనూ దొరికినంత తేలిగ్గా ఇక్కడ మన భాష వినపడదు.

2022 నుంచి రష్యా గగనతలం ఐరోపా, బ్రిటన్, అమెరికా సంస్థలకు మూసి ఉంది. హైదరాబాద్–లండన్ ముక్క ఒకప్పటి కన్నా ఎక్కువ సేపు పట్టడానికి ఇలాంటి మూసివేతలు ఒక కారణం.

ఢిల్లీ మీదుగా

ఎయిర్ ఇండియాలో హైదరాబాద్ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి చికాగో లేదా న్యూయార్క్ లేదా శాన్‌ఫ్రాన్సిస్కో, ఆ తర్వాత అమెరికా లోపలి విమానంలో డల్లాస్. కాగితం మీద దూరం తక్కువని పైనే చూశాం. ఇంగ్లిష్ భయం కూడా మొదటి మజిలీ దాకా ఉండదు.

అయితే 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసేసింది. ఢిల్లీ నుంచి లేచే విమానం చుట్టు తిరగవలసి వచ్చింది. దూర సర్వీసులు కొన్ని మధ్యలో వియన్నా వంటి చోట ఇంధనం కోసం దిగి లేచాయి. టికెట్ కొనే రోజున ఆ మూసివేత ఉందా, మన విమానం మధ్యలో ఇంధనానికి ఆగుతుందా అన్నది తప్పక చూడాలి. ఆగితే 16 గంటలు 18, 19 అవుతుంది.

డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీ పొగమంచు ఈ దారికి పెద్ద శత్రువు. శంషాబాద్‌లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది, విమానం మాత్రం లేవదు, ఎందుకంటే ఢిల్లీలో దిగే వీలు ఉండదు. అదే నెలల్లో చికాగోలో మంచు. రెండు చోట్లా రెండు గండాలు. చలికాలంలో ఈ జోడీ వద్దనే చెప్పాలి.

చికాగోలో దిగాక పని చాలా ఉంటుంది. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్. అక్కడే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ బెల్టు మీద వేయాలి. తర్వాత టెర్మినల్ మారి, మళ్ళీ తనిఖీ. మూడు గంటల కన్నా తక్కువ వ్యవధి ఉంటే పరుగులే. తల్లిదండ్రులను ఒంటరిగా ఈ దారిలో పంపడం మంచి ఆలోచన కాదు. ఇంట్లో ఒక యువకుడు తోడుంటే అప్పుడు ఆలోచించవచ్చు.

అబుదాబి: ఒక ప్రత్యేక సదుపాయం

అబుదాబి విమాన సంస్థ ఎతిహాద్ డల్లాస్‌కు నేరుగా తీసుకెళ్ళదు, చికాగోలో మారాలి. అయినా దీన్ని పట్టికలో పెట్టడానికి కారణం ఉంది. అబుదాబి విమానాశ్రయంలోనే అమెరికా అధికారులు కూర్చుని ఇమిగ్రేషన్, కస్టమ్స్ పూర్తి చేస్తారు. 2014 నుంచి ఈ ఏర్పాటు నడుస్తోంది. అక్కడ ముద్ర పడితే చికాగోలో దిగేది దేశం లోపలి ప్రయాణికుడిలాగే. పెట్టెలు మళ్ళీ తీసి వేసే తంటా ఉండదు, వరస ఉండదు. వీసా విషయంలో గుబులున్నవాళ్ళకు ఇంకో ఊరట కూడా ఉంది. ఏదైనా ప్రశ్న వస్తే అది నాలుగు గంటల దూరంలో వస్తుంది, ఇరవై గంటల దూరంలో కాదు.

అబుదాబిలో ఈ తనిఖీకి సమయం కావాలి, మూడు గంటలైనా ఉండేలా చూసుకోవాలి. అసలు చికాగోలోనే ఉండేవాళ్ళకు ఇది పై అన్నిటికన్నా మెరుగు. డల్లాస్‌కు మాత్రం రెండో మార్పు ఉంది కాబట్టి మూడో స్థానమే.

ఎవరికి ఏది

మొదటిసారి ఒంటరిగా పోయే అమ్మ లేదా నాన్న: దోహా లేదా దుబాయి, మధ్యలో మూడు గంటలు. టికెట్ కొనేటప్పుడే వీల్‌చెయిర్ అడగాలి. నడవగలిగినవాళ్ళకు కూడా ఇది సిగ్గుపడే విషయం కాదు. సహాయకుడు గేటు నుంచి గేటుకు, డల్లాస్‌లో ఇమిగ్రేషన్ దాకా తోడు వస్తాడు. పిల్లల చిరునామా, ఫోన్ నంబరు, తిరుగు టికెట్ తేదీ ఒక కాగితం మీద ఇంగ్లిష్‌లో రాసి పాస్‌పోర్టులో పెట్టాలి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా కాగితం ఉంటుంది.

కాళ్ళ వాపు, నడుము నొప్పి, లేదా చంటిబిడ్డ: లండన్, వీసా స్టాంపు సరిగ్గా ఉంటే. బిడ్డకు ఊయల పెట్టే సీటు ముందు వరసలో ఉంటుంది. అవి తక్కువే, ముందే ఫోన్ చేసి పెట్టించుకోవాలి.

ఆగస్టులో చేరే విద్యార్థి: ఏ దారైనా ఒకే టికెట్, ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు). చవక కోసం హైదరాబాద్–ఢిల్లీ ఒక టికెట్, ఢిల్లీ–అమెరికా ఇంకో టికెట్ కొంటే రెండు దెబ్బలు. దేశం లోపలి టికెట్ మీద మామూలుగా 15 కిలోలే ఇస్తారు, మీ దగ్గర 46 కిలోలు ఉంటాయి. మిగతాదానికి కిలోకు ఇంత అని కట్టాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది పోతే రెండో సంస్థకు బాధ్యత లేదు, టికెట్ పోయినట్టే. మిగిలిందనుకున్న డబ్బు శంషాబాద్ కౌంటరు దగ్గరే ఖర్చవుతుంది.

షుగరు మందులు వాడేవాళ్ళు: ఇన్సులిన్ చేతి సంచిలోనే, డాక్టరు చీటీతో. పెద్ద పెట్టెలో వేయవద్దు. పగలూ రాత్రీ తారుమారు అవుతాయి కాబట్టి ఏ పూట ఎంత అన్నది బయల్దేరే ముందే అడిగి రాయించుకోవాలి. 4+16 దారిలో భోజనం వేళలు బాగా చెదురుతాయి. లండన్ దారి ఇక్కడా కొంత మేలు.

ఆఫీసు పని మీద పోయే ఒంటరి యువకుడికి ఏదైనా ఒకటే. ధర చూసి నొక్కేయవచ్చు.

మన ఊరి నుంచి శంషాబాద్

విమానం గంటలే చూసి రోడ్డు మర్చిపోతారు. కౌంటరు దగ్గర మూడు గంటల ముందు ఉండాలి, గంట ముందు మూసేస్తారు. అమెరికా కాగితాల తనిఖీ కొంచెం ఎక్కువ సేపు పడుతుంది.

ఈ విషయంలో పాలమూరు వాళ్ళు అదృష్టవంతులు. విమానాశ్రయం హైదరాబాద్‌కు దక్షిణాన, వాళ్ళ వైపే ఉంది. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, షాద్‌నగర్, కొత్తూరు మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిలో 85 కి.మీ. దాకా, గంటన్నర. నగరంలోకి పోనక్కర్లేదు. అచ్చంపేట, కల్వకుర్తి వాళ్ళు జడ్చర్ల వైపు తిరగకుండా శ్రీశైలం రోడ్డులో ఆమనగల్లు, కడ్తాల్ మీదుగా తుక్కుగూడ చేరితే అక్కడి నుంచి విమానాశ్రయం పక్కనే.

నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ దాటి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ దిగాలి. సుమారు 115 కి.మీ., రెండు గంటలు. ఎల్బీనగర్ మీదుగా నగరంలోంచి పోతే దూరం ఏమంత తగ్గదు, సమయం మాత్రం పెరుగుతుంది. సూర్యాపేట వాళ్ళకు ఇదే దారి 150 కి.మీ. పైన, మూడు గంటలు పెట్టుకోవాలి. దేవరకొండ వాళ్ళు మాల్, ఇబ్రహీంపట్నం దాటి బొంగ్లూరు దగ్గర ఔటర్ ఎక్కడం మేలు.

ఉదాహరణకు, నల్లగొండ నుంచి తెల్లవారుజామున 4:00 విమానానికి: కౌంటరు దగ్గర 1:00కు, కాబట్టి ఇంట్లోంచి 10:30కే బయల్దేరాలి, టైరు పంక్చరుకు అరగంట కలిపి. టికెట్ మీద తేదీ 15 అయితే ఇల్లు వదిలేది 14 రాత్రి. ఈ తేదీ తప్పి విమానం పోగొట్టుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

మొత్తం కలిపి చూస్తే నల్లగొండ ఇంటి నుంచి డల్లాస్ బయటికి వచ్చేదాకా దోహా దారిలో: రోడ్డు 2½, కౌంటరు నుంచి విమానం దాకా 3, గాలిలో దాదాపు 21, దోహాలో 3, డల్లాస్ ఇమిగ్రేషన్, పెట్టెలు 1½. అంటే 31 గంటలు. మధ్యలో మూడు గంటలు ఆగే లండన్ దారికీ దాదాపు అంతే. ఢిల్లీ, చికాగో దారి 37, 38కి చేరుతుంది.

సామానులో దారిని బట్టి మారేవి

అమెరికా టికెట్ మీద సాధారణంగా రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. అతి చవక ధరల్లో ఒకటే ఇస్తారు, కొనేముందు చూడాలి. ఇంట్లో తూకం 22 దగ్గర ఆపాలి, ఇంటి కాటాకూ అక్కడి కాటాకూ అరకిలో తేడా మామూలే.

గసగసాలు అరబ్ ఎమిరేట్స్‌లో నిషేధం. దుబాయి, అబుదాబి దారిలో పోయేవాళ్ళు గసగసాల పొట్లం గానీ అవి కలిపిన మసాలా గానీ పెట్టెలో వేయవద్దు. ఇది మామూలు జరిమానాతో పోయే వ్యవహారం కాదు. కోడి, మటన్ పచ్చళ్ళు ఏ దారిలో పోయినా అమెరికాలో తీసేస్తారు. పచ్చి కరివేపాకు, పండ్లు కూడా. ఆవకాయ, కారప్పొడి తీసుకుపోవచ్చు, కానీ ఫారంలోనూ అధికారికీ "తినే సామాను ఉంది" అని చెప్పాలి. చెప్పి తీసేస్తే వస్తువు పోతుంది, దాచి దొరికితే జరిమానా. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి.

తిరిగి వచ్చేటప్పుడు

పడమటి నుంచి తూర్పుకు వీచే పైగాలి విమానాన్ని వెనక నుంచి నెడుతుంది. డల్లాస్–దోహా 14½ గంటలకు, డల్లాస్–లండన్ 9 గంటలకు తగ్గుతుంది. కానీ తేదీ రెండు రోజులు ముందుకు జరుగుతుంది. ఎండాకాలంలో సోమవారం రాత్రి 7:00కు డల్లాస్‌లో ఎక్కి, మధ్యలో ఆగడంతో కలిపి 21½ గంటలు ప్రయాణిస్తే శంషాబాద్‌లో దిగేది బుధవారం తెల్లవారుజామున 3:00కు. ఎదురు పోవలసిన కారు డ్రైవరుకు మంగళవారం అని చెప్పకండి.

ఏప్రిల్, మే నెలల్లో టెక్సాస్‌లో ఉరుముల వానలు మధ్యాహ్నం, సాయంత్రం విమానాలను ఆపుతాయి. ఆ నెలల్లో డల్లాస్ నుంచి బయల్దేరేవాళ్ళు మధ్యలో వ్యవధి కొంచెం ఎక్కువ పెట్టుకోవాలి.

సంక్రాంతి ముందు దిగే నల్లగొండ, సూర్యాపేట వాళ్ళకు ఇంకో లెక్క ఉంది. జనవరి 10 నుంచి 13 దాకా హైదరాబాద్ అంతా విజయవాడ రోడ్డు మీదికే వస్తుంది. పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్లు కిలోమీటర్ల కొద్దీ నిలుస్తాయి. తెల్లవారుజామున 3:00కు దిగితే ఐదు గంటల లోపే ఔటర్ దిగి పోవడం మంచిది. పగలు దిగితే బొంగ్లూరు దగ్గర ఔటర్ దిగి, ఇబ్రహీంపట్నం, మాల్ వైపు సాగర్ రోడ్డు పట్టి అటు నుంచి నల్లగొండ చేరవచ్చు. దూరం కొంత పెరిగినా గంటల తరబడి టోల్‌గేటు ముందు నిలబడే పని ఉండదు.